హైస్కూల్లో చేరిన ఏడాదే చెప్పాల్సిన పాఠం

‘పది తర్వాత ఏంటి?’ అని పిల్లల్ని పదో తరగతి పరీక్షలయ్యాక అడుగుతున్నాం. అప్పటికే కొన్ని గడువులు దాటిపోయి ఉంటాయి. అందుకే నంద్యాల, ఆళ్లగడ్డ ప్రభుత్వ హైస్కూళ్లలో చేరిన ఏడాదే కెరీర్ ప్రణాళికను పాఠంగా చెప్పాలని మేము కోరుతున్నాం.

ఇంత ముందుగా ఎందుకు?

ఎన్ఎంఎంఎస్ ఉపకార వేతనాన్నే చూడండి. దాని పరీక్ష ఎనిమిదో తరగతిలో ఉంటుంది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ పూర్తయ్యేదాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. ఏడో తరగతిలో 55 శాతం, ఎస్సీ, ఎస్టీలైతే 50 శాతం మార్కులు ఉండాలి. అంటే ఆ పరీక్ష పేరు వినకముందే పిల్లల అర్హత తేలిపోతోంది. చదువుకున్న ఇళ్లలో ఇలాంటి సంగతులు మాటల్లోనే తెలుస్తాయి. పొద్దున్నే కూలికెళ్లే ఇళ్లలో పిల్లలకు బడి చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

పాఠంలో ఏముండాలి?

మొదట కాగితాలు. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, బ్యాంకు ఖాతా సిద్ధంగా ఉండాలి. ఆధార్‌లో, బడి రికార్డులో పేరు ఒకేలా ఉండాలి. తొమ్మిది, పది తరగతుల ఎస్సీ విద్యార్థులకిచ్చే ప్రీమెట్రిక్ ఉపకార వేతనానికీ ఇవి కావాలి. దానికి ఆదాయ పరిమితి రెండున్నర లక్షలు.

తర్వాత దారులు. పాలిసెట్ రాస్తే మూడేళ్ల డిప్లొమా చదవొచ్చు. నంద్యాలలోనే ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. పది మార్కులతోనే ట్రిపుల్ ఐటీలో ఆరేళ్ల బీటెక్‌లో చేరొచ్చు. ఇడుపులపాయ క్యాంపస్ పక్కనున్న కడప జిల్లాలోనే ఉంది. పది తర్వాత రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా కూడా ఉంది. పొలాన్ని కూలి పనిగానే చూసిన పిల్లలను నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానానికి తీసుకెళ్లి, అదే పంట మీద శాస్త్రవేత్తలు చేసే పనిని చూపించాలి.

మూడోది హక్కు. రిజర్వేషన్ ఎవరి దయా కాదు. 1951లో మొదటి రాజ్యాంగ సవరణతో 15(4) అధికరణ ఎందుకు వచ్చిందో తొమ్మిదో తరగతిలోపే చెప్పాలి. సీటు వచ్చాక ఎదురయ్యే వెక్కిరింపులకు పిల్లలు తలవంచకుండా ఉండటానికి ఈ పాఠం అవసరం.

ఒక హెచ్చరిక

2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తిదారుల దగ్గర నేర్చుకోవాలంటోంది. చేతిపనిని గౌరవించడం మంచిదే. కానీ 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజగోపాలాచారి ప్రభుత్వం ఒక పూట బడి, మిగతా పూట ఇంటి వృత్తి అనే పథకం తెచ్చింది. కర్నూలు జిల్లా అప్పుడు ఆ రాష్ట్రంలోనే ఉండేది. కులవృత్తి చదువంటూ ఉద్యమం లేచింది. 1954లో కామరాజ్ దాన్ని రద్దు చేశారు. పుట్టుకను బట్టి పని ఖాయం చేయడమే కులమని ‘కుల నిర్మూలన’లో అంబేద్కర్ ఎప్పుడో చెప్పారు.

కాబట్టి ఆళ్లగడ్డ శిల్పశాలకు పిల్లల్ని తీసుకెళితే ఉలి పట్టించి పంపేయకూడదు. డిజైన్, కొలతలు, ధర కట్టడం, అమ్మకం కూడా చూపించాలి. ఏ పిల్లకు ఏ పని అన్నది కులం అడిగి తేల్చకూడదు.

కార్యకర్తలు, విద్యార్థులు ఇప్పుడే చేయగలిగిన పని ఒకటుంది. మీ ఊరి హైస్కూలు పేరెంట్స్ కమిటీ సమావేశానికి వెళ్లండి. ఏడో తరగతి పిల్లల్లో ఎంతమందికి కుల ధ్రువపత్రం ఉందో, ఎన్ఎంఎంఎస్ గురించి ఎంతమందికి తెలుసో అడగండి. వచ్చిన జవాబును రాసిపెట్టుకుని, అక్కడి నుంచే పాఠం మొదలుపెట్టించండి.