సాకెట్ల అరలు: ఉప్పుగాలి తీరాన చూసి కొనవలసిన సరకు

కళింగపట్నం: తూర్పు తీరమంతటా మరపడవలకు, మోటారు పడవలకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. సముద్రం మీదికి పోయే పని లేదు గనుక వలలు బాగుచేసుకోవటం, తెప్పలకు రంగు వేయటం, ఇంజన్లు విప్పి చూసుకోవటం ఆ రెండు నెలల్లో సాగుతాయి. వంశధార సముద్రంలో కలిసే ఈ పాత రేవులోనూ అంతే. పానాలకు, సాకెట్లకు చేతినిండా పని తగిలే అదను అది.

సాకెట్లు కొనేటప్పుడు తయారీ ఎవరిది, ఉక్కు ఏపాటిది అని అందరూ అడుగుతారు. వాటిని పెట్టుకొనే అరల పెట్టె దగ్గరికి వచ్చేసరికి కొనుగోలుదారుకు ఓపిక అయిపోతుంది. కొట్టువాడు ఏ డబ్బా చూపితే ఆ డబ్బా. చాలామందికి అదీ ఉండదు. ఒక గోనె సంచి, అందులో గలగలలాడే సాకెట్లు. సంచి బరువును బట్టి సాకెట్లు ఉన్నాయని తెలుస్తుంది గాని, ఏది లేదో తెలియదు. చిక్కంతా అక్కడే ఉంది.

తెల్లవారకముందే బయలుదేరిన తెప్ప తీరానికి పది కిలోమీటర్ల అవతల ఉండగా మోటారు ఆగిందనుకుందాం. ప్లగ్గు మసిపట్టింది. తుడిచి బిగిస్తే రెండు నిమిషాల పని. సంచి కుమ్మరిస్తే 21 నంబరు ప్లగ్గు సాకెట్ లేదు. నిన్న ఇసుకలో పని చేసినచోటే ఉండిపోయింది. ఇక మరొక తెప్ప వచ్చి లాక్కుపోవాలి. రెండు తెప్పల వేటా పోయింది, ఆ తెప్పవారి ఇంధనం ఖర్చు పైన పడింది. గాలి మళ్లిన రోజైతే నష్టం డబ్బుతో పోదు. ఖాళీ గూడు ఒడ్డున ఉండగానే కంటికి కనిపించే పెట్టె కొనాలనటం ఇందుకే. ఇంజనుతోపాటు కంపెనీవారు ఇచ్చే చిన్న సంచిలో ప్లగ్గు పానా సాధారణంగా ఉంటుంది, నిజమే. అన్నిటికన్న ముందు పోయేది కూడా ఆ సంచే.

పానాలు ఇంతగా పోవు, సాకెట్లే ఎందుకు పోతాయన్నది ఆలోచించదగిన మాట. ఒకప్పుడు ప్రతి సాకెట్‌కూ దాని పిడి దానికే అతికి ఉండేది. 1920లో అమెరికాలోని మిల్వాకీలో జోసెఫ్ జాన్సన్ అనే ఆయన ఐదు పిడులు, పది సాకెట్లు చేసి, ఏ పిడికైనా ఏ సాకెట్ అయినా తగిలించేటట్లు విడదీశాడు. స్నాప్-ఆన్ కంపెనీ అలా మొదలైంది. పెట్టె బరువు తగ్గింది, ఖరీదు తగ్గింది. పిడి నుంచి విడిపోయిన తల మాత్రం రూపాయి బిళ్లంత సులువుగా జారిపోయే వస్తువైంది. సాకెట్ల అరలు అనే సరకు పుట్టటానికి మూలం ఆ విడదీయటమే.

అరల ఎంపికలో మొదట చూడవలసింది సాకెట్ వెనుక ఉన్న చదరపు రంధ్రం. ఇది పావు అంగుళం, 3/8 అంగుళం, అర అంగుళం, ముప్పావు అంగుళం అని నాలుగు కొలతల్లో వాడుకలో ఉంది. ఎం.ఎం.లో ఇవి 6.35, 9.5, 12.7, 19. అరల్లో ఒక రకం మేకుల పళ్లెం. పళ్లెం మీద నిలబడ్డ ప్లాస్టిక్ మేకులకు సాకెట్‌ను వెనుకవైపు నుంచి తొడుగుతారు. మేకు ఏ కొలతదో సాకెట్ చదరం ఆ కొలతదే కావాలి. అర అంగుళం సాకెట్ పావు అంగుళం మేకు మీద నిలబడుతుంది గాని, పెట్టె కదిలితే ఊడుతుంది. రెండవ రకం గూళ్ల పళ్లెం; దీనిలో సాకెట్ వెలుపలి లావు ముఖ్యం. అర అంగుళం సెట్‌లో 10 నుంచి 17 వరకు లావులో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. 24 దాటితే బాగా పెరుగుతుంది. 32 నంబరు సాకెట్ వెలుపలి కొలత సుమారు 42 ఎం.ఎం. ఉంటుంది. తయారీని బట్టి ఒకటి రెండు ఎం.ఎం. అటూ ఇటూ అవుతుంది. కనుక గూళ్ల పళ్లెం కొనేవారు తమ సాకెట్లలో చిన్నదీ పెద్దదీ జేబులో వేసుకుని కొట్టుకు వెళ్లటం మేలు. మూడవ రకం పట్టీ: పొడుగాటి కమ్మీ మీద జరిపే బిళ్లలు, ఒక్కో బిళ్లకు ఒక్కో సాకెట్. ఎన్నికావాలంటే అన్ని బిళ్లలు ఎక్కించవచ్చు. ఇంకా కొందరు మెకానిక్కులు సాకెట్లన్నిటినీ తీగకు పూసల్లా గుచ్చి మెలిపెట్టి ఉంచుతారు. ఒక్కటీ పోదు. మధ్యలో ఉన్న 14 కావాలంటే మాత్రం ముందున్నవన్నీ ఊడదీయాలి, అప్పుడు నాలుగు కింద పడతాయి.

ఎన్ని గూళ్లు కావాలన్నది అన్నిటికన్న తికమక పెట్టే లెక్క. ఇక్కడ ఒకే ఇంట్లో తెప్పకు జపాను తరహా ఔట్‌బోర్డు మోటారు, పొలానికి దేశవాళీ డీజిలు పంపుసెట్టు ఉండటం కద్దు. రెండిటి బోల్టులూ ఒకటి కావు. మర ఒకటే అయినా తల వేరు. 8 ఎం.ఎం. బోల్టుకు జపాను కంపెనీలు 12 నంబరు తల పెడతాయి, మన ఇంజన్లకు 13 ఉంటుంది. 10 ఎం.ఎం. బోల్టుకు అక్కడ 14, ఇక్కడ 17. కొత్తవాటికి 16 కూడా వస్తున్నది. కనుక 12, 13, 14, 16, 17, 19 వరుసగా గూళ్లు ఉండి తీరాలి. కొన్ని చవక పళ్లాలలో 16కు చోటు ఉండదు. ప్లగ్గు సాకెట్లు రెండు, పాత రకం లావు ప్లగ్గులకు 21, సన్న రకానికి 16. ఇవి పొడుగు సాకెట్లు గనుక వాటి గూళ్లు వేరు.

పాత ఇంజన్లున్నవారికి అంగుళాల సాకెట్లూ ఉంటాయి. వీటిని ఎం.ఎం. సాకెట్ల పక్కన పెట్టకూడదు. 3/4 అంగుళం అంటే 19.05 ఎం.ఎం.; 19తో కలిసినా నష్టం లేదు. 11/16 అంగుళం 17.46 ఎం.ఎం. అవుతుంది. చీకట్లో దాన్ని 17 అనుకుని తుప్పు పట్టిన బోల్టుకు తగిలించి బలంగా తిప్పితే ఆ అర ఎం.ఎం. సందుకు బోల్టు మూలలు అరిగి గుండ్రమవుతాయి. ఆ తర్వాత ఉలీ సుత్తే గతి. రెండు రకాలకు రెండు రంగుల పట్టీలు కొంటే ఈ బెడద ఉండదు. అంకెలు అచ్చులోనే ఉబ్బెత్తుగా పోసిన పళ్లెం మేలు. కాగితం బిళ్లలు అంటించినవైతే డీజిలు తగిలిన వారానికే ఊడిపోతాయి.

సముద్రపు ఒడ్డున సరకు దేనితో చేశారన్నది రెట్టింపు ముఖ్యం. సాకెట్ ఉక్కుదే, పైన నికెలు, క్రోమియం పూత. గీత పడినచోట పూత కిందికి తుప్పు దూరుతుంది. ఉప్పు గుణం ఏమంటే, గాలిలో తేమ 75 శాతం దాటితే అది తానే నీటిని పీల్చి కరుగుతుంది. పెట్టె వాన చూడకపోయినా సాకెట్ చెమర్చేది అందువల్లనే. ఉక్కు స్ప్రింగు క్లిప్పులున్న పట్టీ గట్టిగానే పట్టుకుంటుంది, కాని తీసి పెట్టినప్పుడల్లా లోపలి పూతను గీకుతుంది. క్లిప్పు తానూ తుప్పు పడుతుంది. అల్యూమినియం పట్టీకి ఉక్కు క్లిప్పులు వేసినది మరీ అధ్వాన్నం. ఉప్పునీటిలో రెండు లోహాలు ఆనితే అల్యూమినియం తినివేయబడుతుంది, క్లిప్పులు జరగకుండా బిగుసుకుపోతాయి. పాలీప్రొపిలీను పళ్లేనికి ఉప్పుతోగాని డీజిలుతోగాని పేచీ లేదు, ఎండలో వదిలేస్తే మాత్రం పెళుసెక్కుతుంది. గాజులా మెరిసే పాలీస్టైరీను డబ్బాలకు పెట్రోలు పడదు. థెర్మోకోల్ ముక్కను కోసి గూళ్లు చేసుకున్నవారు పెట్రోలు చుక్క పడగానే అది కరిగి జిగురు కావటం చూసే ఉంటారు. ఏ పళ్లెమైనా అడుగున రంధ్రాలు ఉండాలి. నీరు నిలిచే గూటిలో సాకెట్ పెట్టటం నీళ్ల గ్లాసులో పెట్టటంతో సమానం.

అయస్కాంతపు పట్టీల మీద ఇటీవల మోజు హెచ్చింది. ఇంట్లో ఇనుప బీరువాకు తగిలించుకుంటే చూడముచ్చటగా ఉంటుంది, పనికీ వస్తుంది. మరమ్మతు షెడ్డులో దానికి ఇనుప రజను అంటుకుంటుంది. ఆ రజను సాకెట్ వెంట వెళ్లి గేర్‌బాక్సులో పడే ప్రమాదముంది. తెప్ప మీద అయితే అది పూర్తిగా వద్దు. దిక్సూచి పక్కన బలమైన అయస్కాంతం ఉంటే ముల్లు తప్పు దిక్కు చూపుతుంది. సెల్‌ఫోనులోని దిక్సూచి కూడా అయస్కాంతపు పాటుకు లోనయ్యేదే. మబ్బు కమ్మి తీరం కనిపించని పూట ఆ తప్పు విలువ సాకెట్ ఖరీదుతో తూచేది కాదు.

విమానాల మరమ్మతు శాలల్లో స్పాంజి పలకలో ప్రతి పనిముట్టు ఆకారానికి గూడు కోసి, అడుగున వేరే రంగు పలక వేస్తారు. పనిముట్టు తీస్తే ఆ రంగు బయటపడుతుంది. ఇంజనులో ఏదీ మరచిపోలేదని తేలిన తరువాతనే పెట్టె మూస్తారు. మన షెడ్డులకు ఆ పద్ధతి చక్కగా పనికివస్తుంది. పలక మాత్రం నీరు పీల్చని రకం కావాలి. పరుపులో వాడే మెత్తని స్పాంజి ఉప్పునీటిని పీల్చి నెలల తరబడి దాచుకుంటుంది. తేల్చుకోవటం తేలిక: ముక్కను నీటిలో పిండి తీస్తే నీరు కారేది పనికిరాదు.

కొట్టులోనే చేయదగిన పరీక్ష ఇంకొకటి ఉంది. సాకెట్లు పెట్టి, మూత వేసి, పెట్టెను తలకిందులు చేసి రెండుసార్లు ఊపాలి. తెరిచినప్పుడు ఎక్కడివక్కడ ఉంటే సరే. పొడుగు సాకెట్లకు మూత దిగుతుందో లేదో కూడా అప్పుడే బయటపడుతుంది. కొందరు కొట్టువారు ఇందుకు ముఖం చిట్లిస్తారు, చిట్లించనివ్వాలి.

సెట్టుతోపాటే వచ్చే అచ్చు పెట్టెల సంగతి వేరు. బజారులో ఎక్కువగా కనిపించే 46 వస్తువుల పావు అంగుళం సెట్టు స్కూటరుకు, సైకిలుకు, ఇంటి చిల్లర పనులకు సరిపోతుంది. ప్లగ్గుకు, 17 దాటిన బోల్టుకు దాని బలం చాలదు. పెట్టె కూడా ఆ సెట్టు కొలతలకే పోసినది. ఒక సాకెట్ పగిలి మరొక తయారీది కొంటే ఆ గూటిలో దిగదు, ఆ ఒక్కటీ మళ్లీ సంచిలోకే. జలంధరు, లూధియానా, నాసిక్ నుంచి వచ్చే పేరున్న సరకులో సాకెట్లు విడిగా దొరుకుతాయి గనుక సాకెట్లు ఒకచోట, మేకుల పళ్లెం ఒకచోట కొనుక్కోవటమే కలకాలం గిట్టుబాటు.

డబ్బు పెట్టలేనివారికి వడ్రంగి ఉన్నాడు. అంగుళం మందం టేకు పలకకు తమ సాకెట్ల లావుకు తగ్గట్టు ఆరపార రంధ్రాలు వేయించి, అడుగున ప్లాస్టిక్ జాలీ బిగిస్తే నీరు నిలవదు. అంకెలు కాల్చి వేయించుకుంటే చెరగవు.

తెప్ప మీదికి సెట్టు మొత్తం తీసుకుపోవలసిన పని లేదు. 10, 12, 14, ప్లగ్గు సాకెట్, రాచెట్ పిడి, ఒక పొడిగింపు కమ్మీ చాలు. వాటికి మాత్రమే ఒక చిన్న పళ్లెం, ముదురు పసుపో నారింజో రంగుది, గట్టి మూత పెట్టెలో పెట్టి తాడుతో కట్టాలి. పెద్ద పెట్టె ఇంటి దగ్గరే ఉండాలి. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నం సమీపాననే తీరం దాటింది. అటువంటి హెచ్చరిక వచ్చిన పూట మోటారు విప్పి ఇంటికి మోసుకుపోవాలి. అప్పుడు దీపం పట్టుకుని సాకెట్ వెతుక్కునే తీరిక ఎవరికీ ఉండదు.

ధరల మాటకొస్తే, డబ్బా మీది గరిష్ఠ ధర పన్నులతో కలిపినది; సాకెట్లపై జి.ఎస్.టి. 18 శాతం. ఆ ధరకే కొనేవారు అరుదు, బేరానికి చోటు ఉంటుంది. పళ్లెం ఖరీదును గూళ్ల సంఖ్యతో భాగించి చూసేవారు తమకు పనికివచ్చే గూళ్లనే లెక్కించాలి. 40 గూళ్ల పళ్లెంలో పదిహేనే నిండితే, 18 గూళ్లది గూటికి ఎక్కువ ధర పడినా, మొత్తం ధర తక్కువైతే అదే చవక. వేసవి నిషేధం ముగియకముందే పాత సాకెట్లన్నీ నేల మీద పరచి, అంకెల వరుసన పేర్చి, లేనివి కాగితం మీద వ్రాసుకుని బజారుకు వెళితే, ఆ కాగితమే ఎన్ని గూళ్లది కొనాలో చెబుతుంది.