పాటల పుస్తకం పేరే మనిషి పేరైంది!

2025 జూన్ 14న హైదరాబాద్‌లో జరిగిన సినిమా అవార్డుల పండుగ మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. 'పుష్ప 2'కి అల్లు అర్జున్ ఉత్తమ నటుడిగా బహుమతి అందుకున్న ఆ వేడుక పేరు 'గద్దర్ అవార్డులు'. ఒకప్పటి 'నంది' స్థానంలో తెలంగాణ ప్రభుత్వం పెట్టుకున్న పేరది. బాగానే ఉంది! కానీ ఆ 'గద్దర్' అనేది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదనీ, మొదట అదొక పాటల పుస్తకం పేరనీ ఎంతమందికి తెలుసు?

మొన్నామధ్య ములకలపల్లి వెళ్లాను. ఒకప్పుడు ఖమ్మం జిల్లాలో ఉండి, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చిన అడవి అంచు ఊరు. టీ కొట్టు దగ్గర నలుగురు కుర్రాళ్లు సెల్‌ఫోన్‌లో పాట పెట్టుకుని వింటున్నారు. 'బండెనక బండి కట్టి'!

"తమ్ముడూ, ఈ పాట ఎవరిది?" అనడిగాను.

"గద్దర్ది సార్!" నలుగురిదీ ఒకటే మాట.

"పాడింది ఆయనే. మరి రాసింది?"

"రాసింది గూడా ఆయనే గద సార్!"

కాదు. ఆ సంగతికి తర్వాత వద్దాం. ముందు పుస్తకం కథ.

ఆదివారం నాటికి ఓ పాట

మెదక్ ప్రాంతంలోని తూప్రాన్‌లో 1949లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావుకి మొదట వచ్చిన విద్య బుర్రకథ. గొంతుంది, గజ్జె ఉంది, జనాన్ని కూర్చోబెట్టే నేర్పుంది. లేనిదల్లా తనదనే పాట. అలాంటి సమయంలో 'ఆర్ట్ లవర్స్' అనే సంఘం నడుపుతున్న బి.నర్సింగరావు పరిచయమయ్యారు. ఔను, తర్వాత 'దాసి' తీసిన ఆ నర్సింగరావే! "పాతవి ఎన్నాళ్లు పాడతావు, వచ్చే ఆదివారానికి కొత్త పాట రాసుకురా" అన్నట్టుగా ఆయన ఉసిగొల్పారని చెప్పుకుంటారు. విఠల్‌రావు వెళ్లి రిక్షా తొక్కేవాళ్లను చూస్తూ కూర్చున్నాడట. అలా 1971లో పుట్టింది 'ఆపుర రిక్షా'.

ఆ ఏడాది మన ఊళ్లన్నీ 'ప్రేమ్‌నగర్' పాటలు పాడుకుంటున్నాయి. తప్పేమీ కాదు, నేనూ గొంతు చించుకున్నవాణ్ణే! ఆ పాటల వెనక మద్రాసు స్టూడియో ఉంది, ఘంటసాల ఉన్నారు, వాద్యబృందం ఉంది. విఠల్‌రావు పాట వెనక? డప్పు, గజ్జెలు, అంతే. ఒకడు అందుకుంటే ఇద్దరు వంత పాడతారు. బుర్రకథలో ఉండేదీ, ఒగ్గుకథలో ఉండేదీ అదే పద్ధతి. జనానికి ముందే తెలిసిన బాణీలో కొత్త సంగతి చెబితే, రెండో చరణానికల్లా వినేవాడే వంతగాడైపోతాడు. మైకు లేకపోయినా నడిచే పద్ధతి ఇది. 1972లో పుట్టిన జననాట్యమండలి ఊరూరా పాటను మోసుకుపోగలిగిందంటే ఈ కిటుకు వల్లే. ఉత్తరాంధ్ర నుంచి వంగపండు ప్రసాదరావు గొంతు కూడా వచ్చి కలిశాక ఇక చెప్పేదేముంది!

ఆ తొలి పాటల సంపుటికి 'గద్దర్' అని పేరు పెట్టారు. 1913లో అమెరికాలోని మనవాళ్లు బ్రిటిష్‌వాళ్ల మీద స్థాపించిన గదర్ పార్టీ గుర్తుగా. అన్నట్టు, ఉర్దూలో 'గదర్' అంటే తిరుగుబాటు. సన్నీ దేవల్ సినిమా పేరూ అదే. అదే 'గద్దార్' అని సాగదీస్తే ద్రోహి అని అర్థం! హైదరాబాద్‌లో పాడుకునేవాడికి ఎంత ప్రమాదమో చూడండి. అయినా జనం పుస్తకం పేరుతోనే మనిషిని పిలిచారు, విఠల్‌రావు మరుగునపడ్డాడు.

తెర మీద గొంగడి

ఇక 'మా భూమి'. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా నర్సింగరావు నిర్మాణంలో, గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో 1979లో తయారైన చిత్రం. భుజాన గొంగడి వేసుకుని గద్దర్ పాడుతూ కనిపించేది అందులోనే. ఆ పాట రాసింది బండి యాదగిరి. నిజాం నాటి తెలంగాణ సాయుధ పోరాటం నాటి పాట. సినిమా దాన్ని బతికించింది, ఒప్పుకోవాలి. కానీ రాసినవాడి పేరు పాడినవాడి గొంతులో మునిగిపోయింది. ఇది గద్దర్ తప్పు కాదు గానీ మన తప్పు కాదా?

'మనీ హైస్ట్' చూసిన కుర్రకారుకి 'బెల్లా చావ్' కంఠతా వచ్చు. ఇటలీలో ఫాసిస్టుల మీద పోరాడినవారితో ముడిపడిన పాట. ఫలానావారు రాశారని ఎవరూ రూఢిగా చెప్పలేరు. 1994లో మోడెనా సిటీ రాంబ్లర్స్ అనే ఇటలీ బ్యాండ్ తన మొట్టమొదటి ఆల్బమ్‌లోనే ఆ పాటను అందుకుంది. అక్కడ కవి పేరు తెలియదు సరే, ఇక్కడ తెలిసీ చెప్పకపోవడమే బాధ.

మళ్లీ రిక్షానే!

బ్యాంకు ఉద్యోగం, దాన్ని వదిలెయ్యడం, అజ్ఞాతవాసం, 1997 ఏప్రిల్ 6న ఇంటి దగ్గరే కాల్పులు, వెన్నులో మిగిలిపోయిన తూటా... ఇవన్నీ వేరే పుస్తకానికి సరిపోయే సంగతులు. సినిమా పాఠకులకు కావలసింది ఇంకొకటుంది. 1995లో దాసరి నారాయణరావు దర్శకత్వంలో ఆర్.నారాయణమూర్తి హీరోగా వచ్చిన చిత్రం 'ఒరేయ్ రిక్షా'. తొలి పాట రిక్షా మీద రాసినవాడికి పాతికేళ్లకు మళ్లీ రిక్షా! అందులోని 'మల్లెతీగకు పందిరివోలె' అన్నాచెల్లెళ్ల పాట. విప్లవం వద్దన్నవాళ్లు కూడా కంట తడిపెట్టారు. దానికి నంది వచ్చింది. గద్దర్ వద్దన్నారు.

అవార్డు కాదన్న మనిషి పేరే ఇప్పుడు అవార్డు! 2023 ఆగస్టు 6న కన్నుమూసిన గద్దర్ ఇది చూసి ఏమనేవారో! గట్టిగా నవ్వేవారనే నా అనుమానం.

ఇదంతా చెప్పాక ములకలపల్లి కుర్రాళ్లలో ఒకడు ఫోన్ తీసి 'మా భూమి' వెతకడం మొదలెట్టాడు. మీరూ చూడండి. 'ఫిదా'లో సాయిపల్లవి తండ్రిగా వేసిన సాయిచంద్ అందులో నూనూగు మీసాల హీరో. 'బండెనక బండి' వచ్చినప్పుడు మాత్రం గద్దర్ ఒక్కణ్ణే చూడకండి, వెనక వంత పాడుతున్నవాళ్ల మీద కూడా ఓ కన్నెయ్యండి.