మాంద్యము మన యింటి కెట్లు వచ్చును?

వరంగల్లు ఎనుమాముల మార్కెట్టునకు ప్రత్తి వచ్చు దినములలో నగరమందలి బట్టలయంగళ్లును బంగారపు దుకాణములును కళకళలాడుట మన సోదరీమణు లెల్లరు నెఱుగుదురు. ధర పడిన యేడు ఆ యంగళ్లే వెలవెలబోవును. వ్యాపారచక్రమను పెద్దమాట కర్థ మిందే యున్నది.

ధర హెచ్చిన యేడు రైతు మఱియొక యెకరము విత్తును. వర్తకుడు అప్పు తెచ్చి సరకు నిలువచేయును. మిల్లుదారు క్రొత్త యంత్రములు దెప్పించును. కూలివానికి చేతినిండ పని దొరకును. కొంతకాలమునకు సరకు కొనువారి యవసరమును మించును. ధర పడగానే అప్పిచ్చినవారు తొందరపెట్టుదురు. వర్తకుడు నష్టమున కమ్మును, మిల్లు పనిదినములు తగ్గించును, కూలివాని యిల్లాలు చీర కొనుట మానును. ఆమె కొనని చీరయే నేతగానికి పని లేకుండ జేయును. నిలువసరకు తీరి, వడ్డీ తగ్గిన పిమ్మట మరల మెల్లగా బేరములు సాగును. దీనికి చక్రమను పేరు మాకంతగా నచ్చదు. చక్రము లెక్కప్రకారము దిరుగును. ఇది కఱవువంటిది, వచ్చుట నిశ్చయమే గాని, యెప్పుడు వచ్చునో పండితులును జెప్పజాలరు.

1929 అక్టోబరున న్యూయార్కు నగరమున వాటాల విపణి కూలెను. ఎక్కడి న్యూయార్కు, ఎక్కడి తెలంగాణపు చేను! అయినను రెండుమూడేండ్లలో మన దేశపు పంటలధరలు సగమునకు దగ్గరగా దిగెను. అప్పుపత్రమున వ్రాసిన రూపాయలు మాత్రము దిగలేదు. ఒక బస్తా అమ్మి తీర్చదగిన బాకీకి రెండు బస్తాలు కావలసివచ్చెను. 1931 సెప్టెంబరున ఇంగ్లండు బంగారుప్రమాణమును విడిచినతోడనే బంగారము ధర పెరిగెను. ఇండ్లలోని నగలు కరగి ఓడలకెక్కి విదేశములకు బోయెను. ప్రభుత్వపు లెక్కలలో దానికి ఎగుమతి యని పేరు. మెడ బోసిపోయిన మన ముత్తవ్వలు దాని నేమనిరో యే లెక్కలయందును లేదు.

ఆ గడ్డుకాలముననే, 1934లో, వరంగల్లున ఆజంజాహీ మిల్లు వెలసి వేలమందికి జీవనమిచ్చినది. చాలకాలమునకు అది మూతపడినప్పుడు దేశవ్యాపారము పెరుగుచునే యుండెను. కావున ఒక మిల్లు మూతపడుట మాంద్యము కాదు. ఆ కార్మికుల యింట పొయ్యికి మాత్రము ఈ భేదము తెలియదు. దేశపు మొత్తము ఉత్పత్తి వరుసగా రెండు త్రైమాసికములు తగ్గినచో మాంద్యమనుట వాడుక. 2020లో కరోనావలన అట్లే జరిగినది. ఏప్రిల్ మొదలు జూన్ వఱకు ఉత్పత్తి అంతకు ముందటి యేటికంటె సుమారు నాలుగవవంతు తగ్గెను.

పొదుపు ఇల్లాలికి భూషణము. కాని యందఱును ఒక్కసారి చేయి బిగించినచో అందఱి యాదాయమును తగ్గునని 1936లో కీన్సు పండితుడు వాదించెను. అందుచే అట్టివేళ ప్రభుత్వమే వ్యయము చేయవలెననెను. 1970లో ఏర్పడిన భారత ప్రత్తిసంస్థ మద్దతుధరకు ప్రత్తి కొనుటయు నిట్టి యాసరాయే. అయితే తేమ నూటికి 12 పాళ్లు మించిన ప్రత్తిని అది కొనదు. కోతవేళ వాన తగిలినచో, రైతు మరల వర్తకుడు చెప్పిన ధరకే తలయొగ్గవలసియుండును.