గడప దాటని ఓటు

అది 2020. మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటే లాక్‌డౌన్. గడప దాటొద్దన్నారు. హైదరాబాద్ దాటలేదు. ఉగాది పచ్చడి నాలుగు గోడల మధ్యే తిన్నారు. సీతారాముల కల్యాణం టీవీలోనే చూశారు. వినాయకుడు కూడా చాలా ఇళ్లలో బుల్లి బొమ్మగానే వచ్చి వెళ్లాడు. బయట కరోనా.. లోపల క్షేమం. అందరిదీ అదే ధైర్యం.

అక్టోబరు 13న ఆ ధైర్యంలోకీ నీళ్లొచ్చాయి. వానలు సర్దుకుని వెళ్లాల్సిన వేళ అది. ఆ ఉదయం కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం తెలంగాణ మీదికొచ్చింది. బేగంపేటలో 24 గంటల్లోనే 19 సెంటీమీటర్ల వాన! పల్లె చెరువు పొంగింది. నాలుగు రోజులకు గుర్రం చెరువు గట్టు తెగింది. కాలనీలు చెరువులయ్యాయి. బియ్యం డబ్బా, పిల్లల పుస్తకాలు, ఫ్రిజ్.. అన్నీ బురదపాలు. మనిషికీ మనిషికీ దూరం ఉండాలన్న రోజుల్లో నాలుగిళ్లవాళ్లు ఒకే డాబా ఎక్కి కూర్చున్నారు. ప్రాణం మీదికొస్తే మాస్కు ఎవరికి గుర్తుంటుంది?

బతుకమ్మ, దసరా అలాగే గడిచాయి. వరద బాధిత కుటుంబానికి పదివేల రూపాయల సాయం అని ప్రభుత్వం ప్రకటించింది. మీసేవ కేంద్రాల ముందు బారులు తీరారు. ఇంతలో నగర పాలక సంస్థ ఎన్నికలొచ్చాయి. నవంబరు 18న ఎన్నికల సంఘం ఆ పంపిణీని ఆపమంది. సాయం ఎవరి వల్ల వచ్చింది, ఎవరి వల్ల ఆగింది? వీధుల్లో మైకులన్నీ దాని గురించే!

కార్తిక పౌర్ణమి మర్నాడు, డిసెంబరు 1న పోలింగ్. కరోనా సోకినవారికి పోస్టల్ బ్యాలెట్ ఇచ్చారు. మామూలు ఓటర్లకూ ఈసారి యంత్రాలు కాదు, బ్యాలెట్ పత్రాలే. 150 డివిజన్లు, 74 లక్షల పైచిలుకు ఓటర్లు. వచ్చింది మాత్రం నూటికి 46 మందికి కాస్త పైన! వరుస సెలవులకు ఊళ్లకు వెళ్లినవాళ్లు కొందరు, జబ్బుకు జడిసినవాళ్లు కొందరు. ‘ఎవరొచ్చినా ఇంతేలే’ అని విసిగినవాళ్లు ఇంకొందరు. వాళ్ల విసుగులోనూ న్యాయం లేకపోలేదు. మునిగిన ఇల్లు అంత తొందరగా మరవనివ్వదు కదా!

కానీ నాలాలో పూడిక తీయించాల్సిందెవరు? కాలువ మీద కట్టిన గోడను అడ్డుకోవాల్సిందెవరు? ఆ పని మొదలయ్యేది వీధిలోనే. 1908లో మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్నాకే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. అంటే.. వాన పడటం మన చేతిలో లేకున్నా, ఆ నీరు ఎటు పోవాలన్నది మన చేతిలోనే ఉంది.

ఆ ఏడాది జబ్బు గడప దాకా వచ్చింది. వరద గడప దాటి లోపలికొచ్చింది. బయటికి రావాల్సిన ఓట్లలో సగానికి పైగా ఇంట్లోనే ఉండిపోయాయి. కాలాన్ని ఎవరూ ఎన్నుకోలేరు. కార్పొరేటర్‌ను ఎన్నుకోవచ్చు. మళ్లీ మబ్బు పట్టినప్పుడల్లా సామాన్లు అటక మీదికి ఎక్కించే ఇల్లాలికి ఆ తేడా ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు!