పిల్లల కారు సీటు: బకిల్ బిగుసుకుపోతే ఏమవుతుంది?

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేన్నో ఢీకొని, సెకనులో పదో వంతు సమయంలో ఆగిపోయిందనుకుందాం. అందులో ఉన్న 10 కిలోల పాపను ఆపాలంటే దాదాపు 1,400 న్యూటన్ల బలం కావాలి. అంటే 140 కిలోల బరువును మోసినంత. ఒళ్లో కూర్చోబెట్టుకున్న తల్లి చేతులకు అది సాధ్యం కాదు. అందుకే పిల్లలకు పట్టీలున్న ప్రత్యేక సీటు అవసరం.

ఆ పట్టీలన్నీ కలిసేది బకిల్ దగ్గర. కారు ఢీకొన్నప్పుడు అది ఊడకూడదు. ఆ తర్వాత పెద్దవాళ్లు నొక్కగానే ఊడిరావాలి. ఢీకొట్టే పరీక్ష తర్వాత కూడా 80 న్యూటన్లకు మించని బలంతో బకిల్ తెరుచుకోవాలని ఐక్యరాజ్యసమితి ఆర్44 నిబంధన చెబుతోంది.

2014లో అమెరికాలో గ్రాకో సంస్థ సుమారు 60 లక్షల సీట్ల బకిళ్లకు రీకాల్ ప్రకటించింది. ఒలికిన పానీయాలు, ఆహారపు తునకలు లోపల చేరడంతో అవి తెరుచుకోవడం కష్టమైంది. కారుకు నిప్పంటుకున్నా, నీటిలో పడినా ఆ ఆలస్యం ప్రాణాంతకమే. లోపాన్ని సకాలంలో తెలపనందుకు 2015లో ఆ సంస్థకు కోటి డాలర్ల జరిమానా పడింది.

మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లలకు కారులో సీటు బెల్టు గానీ, పిల్లల రక్షణ సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా ఉంది. అయితే సీటు కొనడంతో పని పూర్తికాదు. బకిల్ సులభంగా తెరుచుకుంటోందో లేదో తరచూ చూడాలి. బిగుసుకుంటే నూనె వేయకుండా, తయారీదారు చెప్పినట్టు శుభ్రం చేయాలి. పెద్ద ప్రమాదానికి గురైన సీటును మళ్లీ వాడకూడదు. ప్లాస్టిక్‌లోని పగుళ్లు పైకి కనిపించకపోవచ్చు. పాత సీటు కొనేముందు దాని చరిత్ర అడగండి.