కడుపులో దాగిన చీముగడ్డ

మా బావగారికి అపెండిసైటిస్ ఆపరేషను జరిగి మూడు వారాలు దాటినా, పొద్దు వాలేసరికి జ్వరం తగులుతూనే ఉండేది. కుట్లు మానాయి. స్కానింగులో కనపడ్డది పేగు మడతో, చీముగడ్డో తేలలేదు. అక్కయ్య మొక్కని దేవుడు లేడు. చివరికి డాక్టరుగారు, "ఆయన తెల్లకణాలనే వెతకడానికి పంపుదామండీ" అన్నారు. వేళాకోళమనుకున్నాను గాని, అది అక్షరాలా నిజం.

చీము పట్టినచోటికి తెల్లకణాలు వాటంతట అవే పరుగెత్తుతాయి గదా! రోగి నెత్తురు కొంచెం తీసి, అందులోని తెల్లకణాలకు రేడియోధార్మిక పదార్థం అంటించి, తిరిగి ఎక్కిస్తారు. అవి ఎక్కడ గుమిగూడాయో గామా కెమెరా పట్టిస్తుంది.

చిక్కల్లా ఒకటే. పట్టపగలు వెలిగించిన ప్రమిద ఎవరి కంటికి ఆనుతుంది? గడ్డ వెలిగితే చాలదు, చుట్టూ చీకటి ఉండాలి. 1970లలో వాడుకలోకి వచ్చిన గాలియం-67 పేగుల్లోకీ దిగేది. ఆ మెరుపు పేగుదో చీముదో తేలక 48 గంటలో, 72 గంటలో ఆగి మళ్ళీ ఫోటో తీయవలసివచ్చేది. జ్వరంతో మూలుగుతున్నవాడికి మూడు రోజులంటే మాటలా!

లండన్ హామర్‌స్మిత్ ఆస్పత్రిలో మాథ్యూ ఠాకూర్ ప్రభృతులు తెల్లకణాలకు ఇండియం-111 అంటించి, 1977లో ఫలితాలు ప్రకటించారు. పేగుల బెడద తగ్గింది. కాని కాలేయం, ప్లీహం ఆ కణాలను పట్టుకుని తామే వెలుగుతాయి. గడ్డ వాటి పక్కనే నక్కితే? దానికీ ఉపాయం పన్నారు. ముఖ్యంగా ఆ రెండు అవయవాలకే చేరే టెక్నీషియం మందు వేరే ఇస్తారు. దాని కిరణాల శక్తి 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఇండియంవి 171, 245. కెమెరా వేటికవి విడదీయగలదు. ఒక బొమ్మలోంచి రెండోదాన్ని తీసివేస్తే మిగిలిందే గడ్డ! మా అక్కయ్య పద్దు పుస్తకంలో తెలిసిన ఖర్చులన్నీ కొట్టేసి, "మరి ఈ తక్కిన డబ్బు ఏమైందండీ?" అని బావగారిని నిలదీసే పద్ధతి సరిగ్గా ఇదే.

బావగారికి మాత్రం తెల్లకణాలకే టెక్నీషియం అంటించారు. దాని సగం ఆయువు 6 గంటలే కనుక ఎక్కువ మోతాదు ఇవ్వవచ్చు, బొమ్మా స్పష్టం. అయితే నాలుగైదు గంటలు దాటితే ఇదీ పేగుల్లో కనపడసాగుతుంది, ఆలోగానే చూడాలి. గంటకు తీసిన బొమ్మలో కుడివైపు మసక మచ్చ. మూడో గంటకు నెత్తుటిలో తిరిగే కణాలు తగ్గి చుట్టూ నలుపెక్కింది, మచ్చ కదలక మరింత వెలిగింది.

మర్నాడు సన్నని గొట్టం వేసి చీము తీశారు. జ్వరం దిగి నెలయింది. అక్కయ్య ఇంకా సాయంత్రం అయిదింటికి థర్మామీటరు పట్టుకుని ఆయన వెంట పడుతూనే ఉంది.