గుమ్మానికి వేలాడే కలబంద ఎందుకు చావదు?

"దిష్టికని కట్టిన కలబంద మన్నూ నీళ్లూ లేకుండా నెలల తరబడి ఎట్ల బతుకుతాంది సార్?" అని ప్రొద్దుటూరు పాఠకుడొకరు అడిగారు. జమ్మలమడుగు, పులివెందుల వైపు గుమ్మాలకు తలకిందులుగా వేలాడుతూ కనిపించే మొక్కే ఇది. గాలి తిని బతుకుతుందంటారు. కాదు, ఆకులో దాచుకున్న నీళ్లతో బతుకుతుంది. ఆ నీళ్లు ఖర్చు కాకుండా చూసుకోవడంలోనే ఉంది అసలు కిటుకు.

చాలా మొక్కలు పగలే పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ పీలుస్తాయి. తెరిస్తే నీరు ఆవిరవుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఎండలో అది నష్టాల బేరం. కలబంద రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. అప్పుడు వెలుతురుండదు కాబట్టి చక్కెర తయారు కాదు. అందుకని వచ్చిన వాయువును మాలిక్ ఆమ్లంగా మార్చి కణాల్లోని రిక్తికల్లో దాస్తుంది. తెల్లారాక రంధ్రాలు మూసేసి, ఆ ఆమ్లాన్ని విడగొట్టి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌తో లోలోపలే చక్కెర చేసుకుంటుంది.

ఇది నాలుకకే తెలుస్తుంది. కలబంద చేదులో కాదు, ఇదే పద్ధతి పాటించే రణపాలలో. తెల్లవారుజామున ఆకు కొరికితే పులుపు, మధ్యాహ్నానికి చప్పన. 1815లో అచ్చయిన లేఖలో ఈ సంగతి రాసిన బెంజమిన్ హైన్ సామర్లకోటలో ఈస్టిండియా కుంపెనీ తోటలు చూసినవాడు, కడప వజ్రాల గనుల మీదా రాసినవాడు. రుచి సరిగ్గానే పట్టాడు, కారణం దగ్గరే తప్పాడు. ఆమ్లత్వానికి మూలం ఆక్సిజనేనని రసాయన శాస్త్రవేత్త లవాజియే చెప్పిన మాట చెల్లుబాటయ్యే రోజులవి. ఎండకు ఆక్సిజన్ పోయి పులుపు విరుగుతోందనుకున్నాడు హైన్. రాత్రి చేరేది కార్బన్ డయాక్సైడ్ అని తేలడానికి వందేళ్ల పైనే పట్టింది.

ఆయన్ను క్షమించొచ్చు. పడకగదిలో కలబంద పెడితే రాత్రంతా ఆక్సిజన్ ఇస్తుందని వాట్సాప్‌లో పంపేవాళ్లను మాత్రం క్షమించలేం. ఆక్సిజన్ పుట్టాలంటే నీటి అణువు చీలాలి, దానికి వెలుతురు కావాలి.

ఇక గుమ్మం దగ్గరికి వద్దాం. కరువు ముదిరితే కలబంద రాత్రి కూడా రంధ్రాలు దాదాపుగా మూసేస్తుంది. తన శ్వాసలో పుట్టిన కార్బన్ డయాక్సైడ్‌నే రాత్రి ఆమ్లంగా పట్టి, పగలు మళ్లీ వాడుకుంటుంది. పెరగదు, చావదు.

పెంచడానికి పిలక నాటితే చాలు. నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది. కోసిన ఆకు నుంచి కారే పసుపు రసాన్ని పూర్తిగా కారిపోనివ్వాలి. అందులోని అలోయిన్ విరేచనాలు పట్టిస్తుంది. ఆ రసం ఎండితే మూసాంబరం. ఒంటికి రాసుకునేది లోపలి గుజ్జు. ఎకరాల్లో వేయమని ఊరించేవాళ్లు ఒక్కటి చెప్పరు: ఆ గుజ్జులో నూటికి 98 పాళ్లు నీళ్లే. దగ్గర్లో ఫ్యాక్టరీ లేకపోతే రైతు లారీ బాడుగ కట్టేది ఆ నీళ్లకే.